నాయక్ మామ మంద

ఫోన్ల ఫోటో జూసి ఎద్దును కొంటారురా ఎవలన్న? ఏదీ, ఇటు తే. నా కండ్లద్దాలు ఆ గూట్ల ఉన్నయి జూడు. ఆఁ... మంచిగనే ఉంది. తెల్లటి పెయ్యి, దాని మీద ఎర్రటి పొడలు, మూపురం నిండుగ ఉంది. తూర్పు కోడెనే, అబద్ధం గాదు. కాని ఫోటో తీసినోడు మోకాళ్ళ దాంక తీసి ఆపిండు. గిట్టలేవి? గిట్టలు జూడకుండ బయానా ఇస్తనంటే నేను ఒప్పుకోను.

ఆ మొద్దు కొంచెం మంటలకు నూకు. నువ్వు రేపు కురుమూర్తి జాతరకు పోతనన్నవు గనక చెప్తున్న, లేకుంటే ఈ ముచ్చట నాకు యాదికి రాకపోవు. ఓ పిల్లా, నువ్వు గూడ ఇటు జరుగు. పొగ అటు దిక్కు కొడ్తది.

తూర్పు ఎడ్లు అని ఎందుకంటరో ఎరికేనా? మన పాలమూరుకు, గద్వాలకు, ఆ పక్క రాయచూరుకు నల్లమల తూర్పు దిక్కు. ఆ దిక్కుకెల్లి వచ్చినయి గనక తూర్పు ఎడ్లు. పెయ్యి మీద పొడలుంటయి గనక పొడ తూర్పు. గంతే. పేరు పెట్టింది కొన్నోళ్ళు, పెంచినోళ్ళు గాదు. పెంచినోళ్ళు అమ్రాబాద్ గుట్టల మీది లంబాడోళ్ళు. వాళ్ళకు తూర్పేంది, పడమరేంది? అది వాళ్ళ ఇల్లు.

అది 1963 ఎండకాలం. నాకు 12 ఏండ్లు. మన ఊర్ల వానలు తొందరగ కట్టేసినయి ఆ ఏడు. శివరాత్రి రాకముందే వామిల చొప్ప అడుగుకు వచ్చింది. ఇంట్ల రెండు ఎడ్లు, ఒక ముసలి ఆవు. మా నాయిన పొద్దున లేచి వామి దిక్కు జూసి, ఎడ్ల దిక్కు జూసి, ఏం మాట్లాడకుండ చుట్ట ముట్టిస్తుండె.

ఆ అమ్రాబాద్ లంబాడోళ్ళల్ల నాయక్ మామ అని ఒకాయన ఉంటుండె. పేరు నాకిప్పటికీ తెల్వదు. ఊరందరికి నాయక్, నాకు మామ. ఏటా జొన్న కోతలైనంక ఆయన మంద మన చెల్కలల్ల దిగుతుండె. రాత్రిపూట మంద పండుకుంటది. పెండ, ఉచ్చ అన్నీ చెల్కలనే పడ్తయి. యూరియా బస్తాలు ఎక్కడియి గప్పుడు? ఇయ్యాల నీ చెల్కల, రేపు నా చెల్కల అని మంద కోసం రైతులు కొట్లాడుతుండిరి. రాత్రికిన్ని జొన్నలని మాట్లాడుకొని కొలిచి ఇస్తుండిరి.

ఆ ఏడు మందను మళ్ళ అడవికి తోలుకపోయేముందు మామ మా ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు. "గడ్డి కొని మేపుతవా పటేలా? మూడింటిని నాతోని తోలు. వానలు పడ్డంక వచ్చి దించుకపో" అన్నడు. మా నాయిన తలకు రెండు కుంచాల జొన్నలకు ఒప్పుకున్నడు. ఎడ్లు పోతున్నయంటే నేను ఏడుపు అందుకున్న. మామ నవ్వి, "పిల్లగాన్ని గూడ తోలు, జొన్నలేమొద్దు తీయ్ వీనికి" అన్నడు. మా అమ్మ పులులుండే అడవికి పిల్లగాన్ని ఎట్ల పంపుతరని రెండు రోజులు అన్నం తినలే. ఎట్లయితేంది, రెండు అంగీలు, ఒక గొంగడి, సంచెడు జొన్నపిండి కట్టి పంపిండ్రు.

పగలు నడువం. ఎండకు బండలు కాలితే పశువుల గిట్టలు దెబ్బతింటయి. పొద్దుగూకినంక మందను లేపుడు, తెల్లారి ఎండ ముదిరేలోపట ఏదన్న కుంట కాడ ఆపుడు. అచ్చంపేట దాటి మన్ననూరు కొండ ఎక్కినం. ఇప్పుడు గా దారిలనే శ్రీశైలం బస్సులు పోతయి. కిటికీ కాడ కూసున్నోడు గూడ ఘాట్ రోడ్డు జూడడు, ఫోన్ల మొకం పెడ్తడు. నిన్నే అంటున్న, నవ్వకు.

కొండెక్కుతున్నప్పుడే నాకు తేడా తెలిసింది. మన ఎడ్లు కొట్టంల పెరిగినయి. రాయి తగిలితే ఆగుతయి, వాసన జూస్తయి, కాలు ఎక్కడ పెట్టాల్నో తెల్వక నిలబడ్తయి. మంద పశువులు చీకట్ల గూడ బండ మీదికెల్లి బండ మీదికి మేకల లెక్క పోతున్నయి. నడ్మ దారిల మన పెద్ద ఎద్దు గిట్ట చీలి నెత్తురు కారింది. మామ ఆగి, దాని కాలు తన తొడ మీద పెట్టుకొని, చీలికల ఇరుక్కున్న రాయి తీసి, వేపనూనె పసుపు కలిపి కూరి గుడ్డ కట్టిండు. కట్టుకుంట నా దిక్కు జూసి, "మీ ఎద్దుకు కడుపు నిండిందిగాని కాలు ఎదగలే అల్లుడా" అన్నడు. మా ఎద్దును అంత మాటంటే నాకు రోషం వచ్చి, ఆ రోజంత ఆయనతోని మాట్లాడలే.

ఇగ మంద. మంద అంటే ఇల్లు, వాకిలి అనుకోకుండ్రి. చదునుబండ పక్కన జాగ జూసుకొని, చుట్టూ ఆరడుగుల మందం ముండ్లకంప వేస్తరు. ఒక్కటే దారి. దానికి అడ్డం వెదురుతోని అల్లిన తడక. లోపట మూలకు లేగదూడలకు వేరే దొడ్డి, కింద ఎండిన ఆకు పరుస్తరు. కంప బయట బోదగడ్డి కప్పిన రెండు గుడిసెలు, అవి గూడ మనిషి వంగి దూరాలె. మామ, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కోడండ్లు, చంటిపిల్లలు, మూడు కుక్కలు. పశువులు 90కి తక్కువ లేవు. అందరికి కలిపి నీళ్ళకు ఒకటే చెలిమ, గుట్ట కిందికి దిగి తెచ్చుకోవాలె. కోడండ్లు అద్దాల రవికెలేసుకొని, చేతుల నిండ గాజులతోని, బిందె మీద బిందె పెట్టుకొని ఆ రాళ్ళల్ల ఎక్కుతుంటే నాకు నడుస్తున్నది మనుషులా పశువులా అనిపిస్తుండె, తప్పుగ అనుకోవద్దు. వాళ్ళ కాళ్ళు గూడ అట్లనే ఉంటుండె.

మామ భార్యను పిల్లలు యాడి అంటుండిరి, అంటే అమ్మ. నేను గూడ యాడి అనుడే మొదలుపెట్టిన. 90 పశువులు ఉంటే 90 పేర్లు ఆమెకు నోటికే. చుక్క, గౌరి, నల్లపొడ, పుల్లమ్మ, ఒంటికొమ్ము. ఒకటి పేరు దొంగది. అది పక్కదాని మేత లాక్కొని తింటుండె.

తెల్లారకముందే పిండుడు. యాడి చెంబు పట్టుకొని కూసుంటది, కోడలు దొడ్డిల నుంచి ఒక్క దూడనే ఇడుస్తది. గంత మందల ఆ దూడ ఉరికి తన తల్లి కాడికే పోతది, ఒక్కటి గూడ తప్పిపోదు. రెండు గుటకలు తాగి పొదుగును తలతోని కుమ్ముతది. ఆవు చేపినంక దూడను తల్లి మెడ కాడ కడ్తరు. తల్లి దాన్ని నాకుకుంట నిలబడ్తది. యాడి రెండు వేళ్ళకు ఆముదం రాసుకొని పిండుతుంటే చెంబుల సర్ర్ సర్ర్ అని, నురుగు వచ్చినంక ఆ చప్పుడు మెత్తబడ్తది. నేను కండ్లు మూసుకొని చప్పుడు బట్టి చెంబు ఎంత నిండిందో చెప్తుంటి. రెండు సన్లే పిండుతది. తక్కిన రెండు దూడయి. మంచి ఆవు గూడ పూటకు సేరు దాటకపోయేది. "ఇంకా ఉన్నయి గదా యాడీ" అన్న ఒకరోజు. ఆమె తలుగు ఇప్పుకుంట, "మేము పాలు అమ్ముతమా బిడ్డా? దూడలను అమ్ముతం" అన్నది.

నేను గూడ పిండుతనని కూసున్న. పుల్లమ్మ మంచిదని చెప్పిండ్రు. మంచిదే, నన్ను తన్నినంక గూడ మంచిగనే నిలబడ్డది. చెంబు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. కుక్క వచ్చి పాలు నాకుతుంటే కోడండ్లు కొంగులు నోట్ల పెట్టుకొని నవ్విండ్రు.

అంత లోపటి అడవిలకెల్లి పాలు ఎక్కడ అమ్ముతరు? తోడేసుడు, చిలుకుడు, వెన్న కాచి నెయ్యి చేసుడు. నెయ్యి కుండలు నెలకోసారి పెద్దకొడుకు కావడి కట్టుకొని అచ్చంపేట సంతకు తీసుకపోతుండె. ఉప్పు, మిరపకాయ, పొగాకు, బట్ట అన్నీ ఆ నెయ్యిల నుంచే. వాళ్ళ రొట్టె మీద నెయ్యి చుక్క పడుడు నేను చూడలే. నెయ్యి సంతకు, సల్ల మనుషులకు. జొన్న బాటి, పచ్చిమిరపకాయ నూరిన కారం, చెంబెడు సల్ల. పొద్దున అదే, మాపు అదే. నాకు మాత్రం యాడి రొట్టె మడతల ఇంత వెన్న పెట్టి, ఎవరికి చెప్పకు అన్నట్టు కన్ను కొడ్తుండె. అందరికి తెలుసు.

ఎండకాలం నల్లమల జూసిండ్రా మీరు? వానకాలం ఫోటోలు జూసి పచ్చగుంటదనుకుంటరు. చైత్రం దాటితే ఆకు రాలి గుట్టలన్నీ ఎముకలు తేలినట్టుంటయి. మరి 90 పశువులు ఏం తింటయి? నాకు గూడ అదే అనుమానం. ముసలావు ఒకటుండె, దాని మెడల కట్టెతోని చెక్కిన గంట. టొక్ టొక్ అని అది ముందు నడుస్తది, మంద ఎనుక పోతది, మామ కొడుకులు అందరికన్న ఎనుక. అంటే మందను తోలేది మనుషులు గాదు, ఆ ముసలావే. ఏ వాగుల నీడకు పసిరిక మిగిలిందో దానికే ఎరిక. రాలిన ఇప్పపువ్వు, ఏపి చెట్ల ఆకు, జువ్వి కొమ్మలు, రాళ్ళ సందుల ఎండిన బోద. మామ కొడుకులు చెట్టెక్కి కొమ్మలు వంచుతుండిరిగాని నరకకపోయేది. "వచ్చే ఏడు మళ్ళ ఈడికే రావాలె గద" అంటుండె చిన్నోడు. నేను మొర్రిపండ్లు, తునికిపండ్లు తినుకుంట తిరుగుతుంటి. మాపటికి మంద మళ్ళినంక ఇంటిల్లిపాది కూసొని పశువుల చెవులల్ల, గంగడోలు కింద గోమార్లు ఏరుడు. ఏరినయి మంటల వేస్తే పట్ పట్ అని పేలుతయి. ఆ పని నాకు మస్తు ఇష్టం.

రాత్రి కంప బయట రెండు దిక్కుల నెగడు. ఇట్లాంటి బుడ్డ మంట గాదు, నిలువెత్తు. కుక్కలు మొరుగుతుంటే భయం లేదు, నక్కనో అడవిపందినో. కుక్కలు మొరుగుడు ఆపి, తోక కాళ్ళ సందున పెట్టుకొని మనుషుల కాడికి వచ్చినయంటే పులి. అట్ల రెండుసార్లు అయింది. పశువులన్నీ లేచి, కొమ్ములు బయటికి పెట్టి నిలబడ్డయి. మామ ఒక కొరివి పట్టుకొని కంప చుట్టూ నడిచిండు, ఏదో పాట పాడుకుంట. ఎందుకు పాడినవు మామా అంటే, "పశువులకు నా గొంతు ఇనబడాలె గద" అన్నడు. నేను గొంగట్ల తలకాయ గూడ బయట పెట్టలే.

చుక్క ముచ్చట చెప్తా. అది చూలు ఆవు. ఒకనాడు మాపు మంద మళ్ళింది, చుక్క రాలే. ముసలావు గంట వచ్చింది, అందరూ వచ్చిండ్రు, అదొక్కటి లేదు. ఆ రాత్రి యాడి రొట్టె తినలే. పులి పట్టిందని నేను ఏడ్చిన. పొద్దున దగ్గర పెంటకెల్లి, అంటే చెంచోళ్ళ గూడెంకెల్లి, ఒక చెంచు తాత వచ్చిండు. వాళ్ళకు మందల నుంచి సల్ల పోతుండె, వాళ్ళ దిక్కుకెల్లి తేనె వస్తుండె. పైసల లెక్క లేదు. ఆయన మొత్తం ముచ్చట ఇని, తల ఎత్తి ఆకాశం దిక్కు జూసి, "గద్దలు తిరుగుతలేవు గదరా నాయకా. బతికే ఉంది" అన్నడు. గంతే, లేచి నడుసుడు మొదలుపెట్టిండు. మేము ఎనుక.

బండ మీద నాకు ఏం కనబడలే. ఆయనకు కనబడ్డది. ఆకు మలిగిన తీరు, ఒక కాడ పెండ, ఒక కాడ తడి. ఎత్తుల రెండు బండల నడ్మ బోద ఏపుగ ఉన్న చోట ఆగి చెయ్యి ఎత్తిండు. చుక్క నిలబడి ఉంది, కొమ్ములు దించి బుసకొడ్తున్నది. దాని కాళ్ళ కాడ తడితడిగ దూడ. ఈని రాత్రంత అట్లనే కాపలా ఉన్నది. నేను ముందుకు ఉరకబోతే మామ నా అంగీ పట్టి గుంజిండు. ఎవ్వరూ దగ్గరికి పోలే. మామ పది గజాల దూరంల కూసొని చుట్ట ముట్టించి, చుక్కతోని మాట్లాడుడు మొదలుపెట్టిండు, లంబాడి మాటల, పక్కింటోళ్ళతోని మాట్లాడినట్టు. చాలాసేపైనంక యాడి పిడికెడు ఉప్పు తీసుకొని మెల్లగ పోయింది. చుక్క ఆమె చెయ్యి నాకింది. గప్పుడు చిన్నకొడుకు దూడను మెడ చుట్టూ వేసుకొని లేచిండు. చుక్క వాని ఎనుకనే, దూడ పెయ్యికి ముక్కు ఆనించుకుంట, మంద దాంక.

కోడెదూడ. తెల్లటిది, ఎడమ చెవి కింద ఒక్కటే ఎర్ర పొడ, రొట్టెను అంచుకు కొరికినట్టు. అది లేచి నిలబడ్డప్పుడు గిట్టలు పసుపుపచ్చగ, మెత్తగ, పుట్టగొడుగు లెక్క ఉండె. వేలుతోని వత్తి జూసిన. మొదటి రోజు పాలన్నీ దూడకే. రెండో నాడు మిగిలిన వాటితోని జున్ను. చెంచు తాత వాటా ఆకుల కట్టి ముందే పక్కకు పెట్టిండ్రు.

ఎండలు ఇంక ముదిరి చెలిమ ఎండినంక మందను కృష్ణ దిక్కు దించిండ్రు. నిటారు దిగుడు. 15 రోజుల దూడ గూడ దిగింది, తల్లి అడుగుల అడుగు పెట్టి. శ్రీశైలం డ్యాం లేదు గప్పుడు. నేను ఇంటికొచ్చినంక ఆ జులైల నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిండు. కృష్ణ అంటే ఎండకాలం రాళ్ళ నడ్మ మడుగులు, పక్కన ఇసుక. మడుగులల్ల మొసళ్ళు. మామ మందను పారే పాయ కాడనే తాపుతుండె, నిలిచిన నీళ్ళల్ల దిగనియ్యకపోయేది. మా పెద్ద ఎద్దు గిట్ట మానింది. నడక గూడ మారింది, రాయిని వాసన జూసుడు మానేసింది.

రోహిణిల రెండు వానలు పడ్డయి. గుట్టల మీద పచ్చని వెంట్రుకల లెక్క గడ్డి మొలిచింది. మందను మళ్ళ పైకి ఎక్కిచ్చినం. మిరుగు పోయినంక మా నాయిన వచ్చిండు. నన్ను జూసి ముందు గుర్తుపట్టలే, ఎడ్లను గుర్తుపట్టిండు. ఆషాఢంల సీత్లా పండుగ దాంక ఉంచుమని యాడి అడిగింది. తాండల గుగ్గిళ్ళు ఉడకబెట్టి, మొత్తం మందను దేవతల ముందలకెల్లి దాటిస్తరంట. దుక్కులు ఆగయి గద, మా నాయిన ఒప్పుకోలే. అది జూడలేదని నాకు ఇప్పటికీ ఉంది.

రెండున్నర ఏండ్లకు మంద మన చెల్కల దిగినప్పుడు ఒక కోడె నా దిక్కు జూసింది. చెవి కింద కొరికిన రొట్టె. నేను పోయి మా నాయినను గుంజుకొచ్చిన. ధర ఎంత అని అడిగితే మామ ధర చెప్పలే. కోడె ముందుకాలు ఎత్తి గిట్ట చూపెట్టిండు. నల్లగ, చిన్నగ, రెండు పాయలు అంటుకొని, సానరాయి లెక్క. నేను వేలుతోని వత్తిన ఆ మెత్తటి పుట్టగొడుగు అదే. గిట్ట చూపెట్టినంక గప్పుడు ధర చెప్పిండు. మా నాయిన బేరం ఆడలే.

ఆ కోడె మన ఇంట్ల 13 ఏండ్లు దున్నింది. నాడా కొట్టించకుండనే బండల చెల్కల తిరిగింది. నా లగ్గానికి బండి కట్టింది గూడ అదే, మీ నాయినమ్మను అడుగు.

తర్వాత 1978ల ఆ అడవి అభయారణ్యం అయింది, 1983ల పులుల కోసమని ఇంకా గట్టి చేసిండ్రు. డ్యాం కట్టినంక మేము నీళ్ళు తాపిన జాగ నీళ్ళకిందికి పోయింది. ట్రాక్టర్లు వచ్చినయి, ఎడ్లు అడిగేటోళ్ళు తగ్గిండ్రు. పులికి జాగ కావాలె, కాదనను. కాని కొమ్మ వంచి మేపినోళ్ళు గూడ ఆ అడవిలనే ఉండె, అది ఎవలు రాసుకున్నరు? మామ మనుమలు హైదరాబాద్‌ల ఆటోలు నడుపుతున్నరని ఇన్న. కొన్ని మందలు ఇప్పటికీ ఉన్నయి, జాతరకు కోడెలు వచ్చేది గా మందల నుంచే. ఈమధ్య హర్యానాల కర్నాల్‌ల ఉన్న సర్కారు పశువుల సంస్థోళ్ళు పొడ తూర్పును ఒక జాతి అని రిజిస్టర్ చేసిండ్రంట. పేపర్ల చదివిన. మంచిదే. యాడి ఇంటే నవ్వుతుండె.

సరే, మంట సల్లారింది. రేపు పోయినంక ఫోటో పంపినోని కోడెనే జూడు, నేనొద్దంటలేను. కాని నిలబెట్టి జూడకు. తాడు పట్టుకొని నాలుగు అడుగులు మెత్తటి మట్టిల నడిపియ్యి. ముందుకాలి అచ్చుల ఎనుకకాలు పడుతున్నదా జూడు. కాలు ఎత్తి గిట్ట వత్తి జూడు, వేలు దిగొద్దు. ఏ గుట్ట మీద పెరిగిందో అడుగు. కొట్టంల పెంచినం అంటే దండం పెట్టి పక్కదాని కాడికి పో. బయానా పైసలు నా తలగడ కింద ఉన్నయి, పొద్దున తీసుకో.